జపాన్ మామ్మగారి పితృదేవతల అల్మరా

మొన్న ఇక్కడే అమెరికాలో, మా శాన్ రామన్‌లో తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళితే, నల్లటి లక్క మెరుపుతో, లోపలంతా బంగారు పూతతో ఉన్న జపాన్ అల్మరా ఒకటి చూపించి, “ఆంటీ, యాంటిక్ పీస్, బార్‌కి పర్ఫెక్ట్‌గా సెట్ అయింది” అని ఆ ఇంటి కోడలు మురిసిపోయింది. జపాన్ వాళ్ళు ఇంట్లో పోయినవాళ్ళను కొలిచే చోట విస్కీ సీసాలు పెట్టింది. భోజనం చేయకుండానే వచ్చేశాను.

రెండువేల నాలుగు ప్రాంతంలో మేము ఇక్కడ ఇల్లు కొనుక్కున్న కొత్తలో, పక్కింట్లో ఒక జపాన్ మామ్మగారు ఒంటరిగా ఉండేవారు. ఆవిడ ఇంట్లోనూ ఇలాంటి అల్మరా ఉండేది గాని దానికి ఇంత నగిషీ లేదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఈ దేశం ఇక్కడి జపాన్ వాళ్ళను ఇళ్ళలోంచి లాగి ఎడారి క్యాంపుల్లో పడేసినప్పుడు, వాళ్ళ నాన్నగారు పళ్ళపెట్టెల చెక్కలు ఏరి చేసినదట. అందులో పోయిన భర్త పేరు చెక్కిన చిన్న పలక, దాని ముందు ఇత్తడి గిన్నె ఉండేవి. పొద్దున్నే ఉడికిన తొలి అన్నం ఆ గిన్నెలో పెట్టి, చిన్న గంట మోగించి, చేతులు జోడించాకే ఆవిడ ఏమైనా తినేవారు. వేసవికి వచ్చిన మా అత్తగారు అది మహానైవేద్యమే అనుకొని, ఎవరినీ అడగకుండా ఆ పలకకు ఇంత కుంకుమబొట్టు పెట్టేశారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను గాని, మామ్మగారు నవ్వి ఊరుకున్నారు, ఆ బొట్టు తుడవనూ లేదు.

తుంటి ఎముక విరిగాక కొడుకు ఆవిడను వృద్ధుల హోమ్‌లో చేర్చాడు. ఆవిడ అడిగింది ఆ అల్మరా ఒక్కటే. గదిలో చోటు లేదని, అగరొత్తులు వెలిగించనివ్వరని అతను దాన్ని గరాజ్‌లో పడేశాడు. ఆయనకు పెట్టకుండా నేనెలా తినను అని ఆవిడ బ్రేక్‌ఫాస్ట్ ట్రే ముట్టలేదు. హోమ్ వాళ్ళు అది మొండితనమన్నారు, మతి తప్పిందన్నారు, మందులు పెంచారు. పోనీ ఆ పలక, గిన్నె అయినా తెచ్చి ఇవ్వమని నేను ఫోన్ చేస్తే, పాత సామాను గోల నాకొద్దు, అమ్మ సంగతి డాక్టర్లు చూసుకుంటారని అతను ఫోన్ పెట్టేశాడు. ఉండబట్టలేక స్టీలు గిన్నెలో వేడన్నం పట్టుకెళ్ళి కిటికీలో పెడితే ఆవిడ దణ్ణం పెట్టుకుని నాలుగు ముద్దలు తిన్నారు. బయటి తిండి తేకూడదని మర్నాడు నన్ను గుమ్మంలోనే ఆపేశారు. ఆవిడ ఆ చలికాలం దాటలేదు. ఆకలితో పోయిన మనిషిని జబ్బుతో పోయిందన్నారు.

ఆ అబ్బాయిని తిట్టుకుని ఏం లాభం? మా ఇంట్లోనూ అంతే. కిందటి వారం మా అమ్మాయి నా దేవుడి మందిరాన్ని చేత్తో నిమిరి, “అమ్మా, వుడ్ చాలా బాగుంది, తర్వాత బుక్‌షెల్ఫ్ చేసుకుంటా” అంది. తర్వాత అంటే ఎప్పుడే అని అడగబోయి మానేశాను.