రావ్ సాబ్ నిదానపు మందు

బతికిన చివరి శనివారం ఉదయం భాస్కర్ రావు బేకరీ వరుసలో తన వెనక ఉన్న ముగ్గురిని ముందుకు పంపించాడు. కొనవలసింది రెండు చిన్న రొట్టెలు. నువ్వులవా, గసగసాలవా అన్నది తేలలేదు. కౌంటర్ దగ్గరి అమ్మాయి మూడోసారి అడిగాక, "ముందు వాళ్ళవి కానివ్వండి, నాకేం తొందర లేదు" అన్నాడట. చివరికి నువ్వులవే తీసుకుని ఇంటికొచ్చి, బూట్లు విప్పడానికి మెట్టు మీద కూర్చుని, మళ్ళీ లేవలేదు. అరవై మూడేళ్ళలో ఆయన తొందరపడి చేసిన పని అదొక్కటే.

ఈ మాట ఆయన స్నేహితుడు అన్వర్ అన్నాడు. అంత్యక్రియల హాల్లో, పక్కవాళ్ళకి వినబడేలాగే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వించాలని అతనికీ లేదు. భాస్కర్ రావుతో అయిదు నెలలుగా మాటల్లేవు. కోపం పూర్తిగా తీరకముందే అవతలి మనిషి వెళ్ళిపోతే, ఆ మిగిలిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అన్వర్‌కి తెలియలేదు.

భాస్కర్ రావు అంటే నిదానం, అంతే. పాతికేళ్ళ వయసులో తెనాలి నుంచి జర్మనీలోని క్లాస్తాల్ యూనివర్సిటీకి పరిశోధన చేయడానికి వచ్చాడు. నాలుగేళ్ళ పని తొమ్మిదేళ్ళు చేశాడు. మొదటి ప్రొఫెసర్ రిటైరయ్యాడు, రెండోవాడు వేరే ఊరు వెళ్ళాడు, మూడోవాడు వచ్చి, "ఈయన ల్యాబు సామానులో భాగమేమో అనుకున్నాను" అన్నాడట. ఆ తర్వాత ఆ ల్యాబులోనే ఉద్యోగం ఇచ్చారు. ఇవ్వకపోయినా వెళ్ళేవాడు కాదు.

ఆయనతో రోడ్డు దాటడం ఒక తపస్సు. పచ్చ లైటు వెలిగినా కదిలేవాడు కాదు.

"పోదాం పాండి రావ్ సాబ్, గ్రీన్ పడ్డది!"

"ఇది సగం అయిపోయిన పచ్చ అన్వరూ. కొత్తది రానీ."

అన్వర్ దీనికి పూర్తిగా తలకిందులు. మలక్‌పేటలో పెరిగి, కదిలే సిటీ బస్సెక్కడం నడకతో పాటే నేర్చినవాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది ఊరి షూటింగ్ క్లబ్బులో. అక్కడ మనవాళ్ళు ఆ ఇద్దరే. అయిదు గుళ్ళు కాల్చడానికి అయిదు నిమిషాలిస్తే అన్వర్ రెండు నిమిషాల్లో ముగించి బెంచీ మీద కూర్చునేవాడు. భాస్కర్ రావు చివరి సెకను దాకా వాడుకునేవాడు. ఒకసారి క్లబ్బు పెద్దాయన దగ్గరికొచ్చి, మనిషి ఊపిరి తీస్తున్నాడో లేదో వంగి చూసి వెళ్ళాడు.

తూటాలు దుకాణంలో దొరుకుతాయి. కానీ ఈ ఇద్దరికీ సొంతంగా నింపుకోవడంలోనే సరదా. ప్రభుత్వ పరీక్ష రాసి, ఎర్లౌబ్నిస్ అనే అనుమతి కాగితం చెరొకటి తెచ్చుకుని, ప్రతి శనివారం పొద్దున భాస్కర్ రావు ఇంటి కెల్లర్‌లో, అంటే నేల కింది గదిలో, కూర్చునేవారు. పేలిన ఇత్తడి తొడుగులో కొత్త తుపాకీమందు పోయడం, యంత్రం మీట నొక్కి పైన గుండు బిగించడం. పదేళ్ళు ఇద్దరూ ఒకే మందు వాడారు. చురుగ్గా కాలే రకం, చిటికెడు చాలు. మూడేళ్ళ కిందట ఒక శనివారం బల్ల మీద కొత్త డబ్బా కనబడింది.

"ఇదేంది రావ్ సాబ్?"

"కొత్త మందు. నిదానంగా కాలుతుంది."

"మందు గూడ మీ లెక్కదే దొరికిందా?"

"పాతది తొడుగు అడుగున ఎక్కడో పడి ఉంటుందోయ్. ఇది చూడు, అంచు దాకా ఎంత నిండుగా వస్తుందో!"

"నిండుగ వస్తే ఏమైతది? బిర్యానీ వండుతమా?"

"మెల్లిగా తోస్తుంది. గుద్దదు. చెయ్యి సుఖంగా ఉంటుంది."

"నా చెయ్యి మంచిగనే ఉన్నది."

భాస్కర్ రావు వదల్లేదు. ఫోన్ చేసి చెప్పాడు, సూపర్‌మార్కెట్లో బండి అడ్డం పెట్టి చెప్పాడు. రంజాన్ పండక్కి ఎవరైనా అత్తరు ఇస్తారు, ఖర్జూరాలు ఇస్తారు. ఆయన అర కిలో తుపాకీమందుని మెరుపు కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, "ఈద్ ముబారక్" అంటూ ఇచ్చాడు. పండగ పూట ఇచ్చినదాన్ని కాదనలేక అన్వర్ లొంగిపోయాడు.

ఆ రోజు నుంచి అన్వర్ పిస్తోలు నుంచి గుండు కంటే మంట పెద్దదిగా వచ్చేది. చేతులు మసి, ముక్కు మసి. క్లబ్బు ముసలివాళ్ళు అతనికి 'ఓఫెన్' అని పేరు పెట్టారు. అంటే పొయ్యి.

"మీ పిస్తోలుకు ఇంత మంట ఎందుకొస్తలేదు?" అని అడిగాడు ఒకసారి.

"నేను నీకంటే నిదానం కదోయ్" అన్నాడు భాస్కర్ రావు. అది జవాబెలా అవుతుందో అన్వర్‌కి అర్థం కాలేదు. ఆయన జవాబులు సగం అలాగే ఉండేవి.

ఇంకో వింత, శనివారాలు ఆయన తను నింపుకోవడం మానేశాడు. "నీ వేగం చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతాయి. నువ్వెళ్ళాక చేసుకుంటాలే" అని, టీ గ్లాసు పట్టుకుని పక్కన కూర్చుని, అన్వర్ చేతుల్నే చూసేవాడు.

మొన్న ఏప్రిల్‌లో జిల్లా పోటీలు. జట్టులో అన్వర్‌కి చోటు ఖాయమన్నారు. సగంలో ఉండగా ఖాళీ తొడుగు బయటపడక పిస్తోలు ఇరుక్కుంది. మళ్ళీ అవకాశమిచ్చారు. మళ్ళీ ఇరుక్కుంది. ఆ నిదానపు మందుకి పిస్తోలుని ఆడించేంత ఊపు రాలేదు. మిగిలినవన్నీ సున్నాలు. చోటు పోయింది.

పార్కింగ్‌లో అన్వర్ అరిచాడు. "మీ నిదానం తగలబడ! పదేండ్ల సంది చూస్తున్న ఈ ఒక్క చోటు కోసం!"

"పోటీ వచ్చే ఏడాదీ ఉంటుంది కదోయ్."

"అప్పటిదాకా మీరుంటరో, పోతరో!"

అన్వర్ ఆయనతో అన్న చివరి మాట అది. ఆ తర్వాత ప్రతి శనివారం పొద్దున ఫోన్ మోగేది. అన్వర్ ఎత్తేవాడు కాదు. భాస్కర్ రావు ఫోన్ కూడా నిదానమే. తనంత తాను ఆగిపోయేదాకా మోగేది.

భాస్కర్ రావు పోయిన పదో రోజున ఆయన భార్య ఛాయాదేవి ఫోన్ చేసింది. "తమ్ముడూ, అనుమతులిచ్చే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఆ మందు నేను ఉంచుకోకూడదట. అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వాలట. నాకు నువ్వు తప్ప ఎవరు తెలుసు?"

తప్పదు. వెళ్ళాడు. కెల్లర్‌లో బీరువా తెరిచాడు. రెండు డబ్బాలు. నిదానపు మందు డబ్బాకి సీలు కూడా తీయలేదు. పక్కనే పాత మందు, చురుకైనది, దాదాపు అడుగంటింది. మూత మీద ఈ ఏడాది తారీఖు, భాస్కర్ రావు చేతిరాత.

అన్వర్‌కి ఒళ్ళు మండింది. డబ్బా పట్టుకునే పైకొచ్చాడు.

"భాభీ, ఏందిది? నాకు పొయ్యి అంటగట్టి ఆయన మంచిది వాడుకున్నడా? మూడేండ్లు?"

"ఆయనకి ఆ కొత్తది ఎప్పుడూ నచ్చలేదు తమ్ముడూ. మసీ, కంపూ అని ఒకటే సణుగుడు."

"మరి నాకెందుకు ఇచ్చిండు?"

ఛాయాదేవి కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"మూడేళ్ళ కిందట హైదరాబాదులో మీ అమ్మగారు పోయారు, నువ్వు ఖననానికి అందుకోలేకపోయావు. ఆ నెల గుర్తుందా? శనివారం వచ్చి కూర్చునేవాడివి. చెయ్యి మీట మీదా, చూపు గోడ మీదా. మళ్ళీ తేరుకుని, అప్పటికే మందు పోసినదాన్లో ఇంకోసారి పోశావుట. పాతది చిటికెడేగా, రెండుసార్లు పోసినా పైకి తెలీదుట. కాలిస్తే పిస్తోలు చేతిలోనే పగులుతుందన్నారు. నువ్వు ఇక్కడే ఉంచి వెళ్ళిన నీ డబ్బాలో తూటాలన్నీ తూకం వేసి, దాన్ని తీసి పక్కన పెట్టారు."

అన్వర్ చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టాడు.

"కొత్తదైతే రెండోసారి పోస్తే పొంగి బల్ల మీద పడుతుందన్నారు. అప్పుడు వాడే చూసుకుంటాడు, నేను చెప్పక్కర్లేదు అన్నారు."

"చెప్పొచ్చు గద భాభీ! నోరు లేదా ఆయనకు?"

"చెబితే నువ్వు మళ్ళీ మందు ముట్టవన్నారు. ఆ రోజుల్లో నువ్వు గది దాటి మనుషుల్లోకి వచ్చింది ఆ శనివారాలే కదయ్యా."

అన్వర్ ఇప్పుడు కూర్చున్నాడు. చేతులు ఒకసారి తిప్పి చూసుకున్నాడు. క్లబ్బులో అందరికీ చెప్పుకునేవాడు, ఈ చెయ్యి ఇన్నేళ్ళలో ఒక్క తూటా తప్పుగా నింపలేదని. భాస్కర్ రావు పక్కనే నిలబడి, అవునవునని తల ఊపేవాడు.

"ఒక్కటేనా భాభీ? నేను అట్ల చేసింది?"

ఛాయాదేవి మొహమాటంగా కిటికీ వైపు చూసింది. చిన్నగా నవ్వు ఆపుకుంది.

"నువ్వెప్పుడైనా అడిగితే, ఒక్కటే అని చెప్పమన్నారు."