హీరో వాచీ, డూప్ వాచీ

మా ఆయన వాచీలు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే షాపు. ముప్పై ఏళ్ళుగా కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడేమో, అది తీసేశాక కూడా లోకాన్ని అలాగే చూస్తాడు. పాలవాడు ఓ గుక్కెడు ఎక్కువ పోస్తే, "ఇవాళ వీడికింత ధర్మబుద్ధి ఎందుకు పుట్టిందో" అంటాడు. పక్కింటావిడ పలకరిస్తే, "ఊరకరారు మహానుభావులు" అంటాడు. పెళ్ళిచూపుల్లో నేను నవ్వితే, ఎందుకు నవ్విందా అని వారం రోజులు ఆలోచించాడట. ఆ మాట సిగ్గు లేకుండా ఆయనే చెప్పాడు.

ఇలాంటి మనిషికి గూఢచారి సినిమాలంటే ప్రాణం. ఒకే గూఢచారి మీద వరసగా తీస్తారు చూడండి, అవి. వాడి చేతి వాచీ చేయని పని లేదు. అందులోంచి ఇనుప తీగ వస్తుంది, తాళాలు ఊడొస్తాయి, ఒకసారైతే ఓడనే ముంచేసింది. హాలంతా ఈలలేస్తుంటే మా ఆయన నా చెవిలో గొణిగేవాడు. "అంత తీగ చుట్టిపెడితే ఇక మిషనెక్కడ పడుతుందే? అంతా మోసం." అయినా ఒక్క సినిమా వదల్లేదు.

చివరికి ఆ సినిమా కంపెనీ వాచీలే మా షాపుకొచ్చాయి. ఆ సాయంత్రం మా ఆయన పంటినొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. షాపులో మా తమ్ముడున్నాడు. పదేళ్ళుగా మా దగ్గరే రెండో బల్ల మీద పనిచేస్తున్నాడు. కంపెనీ సామాను చూసుకునే ఆయన రెండు పొట్లాలిచ్చి, రెంటికీ అద్దాలు మార్చాలి, రేపొచ్చి తీసుకెళ్తానన్నాడు. ఒక పొట్లం మీద "హీరో", ఇంకోదాని మీద "డూప్" అని రాసుంది. తమ్ముడు అద్దాలు మార్చి పెట్టి ఇంటికెళ్ళాడు.

ఇంకొకరు చేసిన పని తాను చూడకుండా గడప దాటనిచ్చే రకం కాదు మా ఆయన. మర్నాడు పొద్దున్నే రెండు వాచీల వెనక మూతలూ తీశాడు. హీరో వాచీలో మిషనే లేదు. ఉత్త డొల్ల. ముళ్ళు పదీ పది దగ్గర అతికించి ఉన్నాయి. డూప్ వాచీలో మాత్రం మేలైన మిషను హాయిగా తిరుగుతోంది.

"డూప్ అంటే డూప్లికేటు. డూప్లికేటులోకి అసలు మిషనెలా వచ్చిందిరా?" అన్నాడు, అప్పుడే వచ్చి సంచి తగిలిస్తున్న మా తమ్ముడితో.

"నేను మూతే తియ్యలేదు బావా. ముందు నుంచి అద్దాలు మార్చానంతే."

"తియ్యకపోతే అదే నడుచుకుంటూ వెళ్ళిందా? అసలు మిషను ఇందులోకి మార్చి, రేపు పోయింది నకిలీ వాచీయే కదా అని చెప్పి దీన్ని ఇంటికి పట్టుకెళ్దామనుకున్నావా?"

"పదేళ్ళలో నీకొక్క స్క్రూ పోయిందా బావా?"

"పోయిందో లేదో ఇప్పుడు చూసుకోవాలి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు."

తమ్ముడి మొహం ఎర్రబడింది. "చూసుకో. చూసుకున్నాకే పిలువు," అని సంచి కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

నేను ఊరుకుంటానా? "నరం లేని నాలుకని ఎంతమాటైనా అనేస్తారా? మా తమ్ముడు దొంగా? వాడు గడప తొక్కకపోతే నేనూ ఈ ఇంట్లో ఉండను!" అని వీధంతా వినేలా అరిచాను. ఆయన గొంతు పెంచలేదు. "సరే, మిషనెలా మారిందో నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ ప్రశ్న నన్నూ పట్టుకుంది. ఆయన పెరట్లోకి వెళ్ళగానే తమ్ముడి సంచి దించాను. వాడే మార్చుంటే, డూప్ వాచీలోంచి తీసిన నకిలీ మిషను ఎక్కడో ఉండాలి కదా. టిఫిన్ డబ్బా మూత తీశాను, మడతపెట్టిన చొక్కా దులిపాను. ఏమీ దొరకలేదు. హమ్మయ్య అనుకోవాలా? ఎంత జాగ్రత్తగా దాచాడో అనుకున్నాను.

మధ్యాహ్నం కంపెనీ ఆయనొచ్చాడు. మా ఆయన చేతులు నలుపుకుంటూ విషయం చెబితే, ఆయన నవ్వలేక కుర్చీలో కూలబడ్డాడు.

"డూప్ అంటే నకిలీ కాదండీ బాబూ! హీరో బదులు దూకేవాడు. హీరోది ఒక్క నిమిషం సీను రోజంతా తీస్తాం, మధ్యలో ముల్లు కదిలితే మా కొంప కొల్లేరే. అందుకే ఆయనకి డొల్ల. డూప్ మాత్రం మందు పేలేలోపు సెకన్లు చూసుకుని దూకాలి. ప్రాణం వాడిది కదండీ, మంచి వాచీ వాడికే."

ఆ పూటే షాపు మూసి ఇద్దరం తమ్ముడింటికి వెళ్ళాం. మా ఆయన వాడి రెండు చేతులూ పట్టుకుని, "తప్పయిపోయిందిరా" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు.

తమ్ముడు తేలిగ్గా నవ్వేశాడు. "నీ సంగతి నాకు కొత్తా బావా? దేవుడు ఎదురొచ్చినా గుర్తింపు కార్డు చూపించమంటావు." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు నా కోసం అరిచిన అరుపులు వీధి మలుపు దాకా వినపడ్డాయక్కా. నువ్వొక్కదానివి నమ్మావు. నాకది చాలు."

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఉండలేకపోయాను.

"నమ్మలేదురా. నువ్వలా వెళ్ళగానే నీ సంచి వెతికాను. టిఫిన్ డబ్బా కూడా తీసి చూశాను."

తమ్ముడి నవ్వు పోయింది. "బావ అన్నప్పుడు ఒళ్ళు మండిపోయింది," అన్నాడు. "ఇప్పుడు కోపం కూడా రావట్లేదక్కా."

తిట్టరా అన్నాను. తిట్టలేదు.