మాస్టారి తామర

జీవరత్నం మాస్టారికి తామర ఉందన్న సంగతి అమలాపురంలో తెలియనివాళ్ళు లేరు. ఆయనే చెప్పుకునేవారు. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన గొంతు కదా, ఒక్కసారి చెబితే బస్టాండంతా వినబడేది.

రాజోలు బస్సులో ఎవరైనా పక్కన కూర్చోబోతే, "ముందే చెప్తున్నానండీ, నాకు తామర!" అనేవారు. ఇక సీటంతా ఆయనదే. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు గారెని దూరం నుంచే ఆయన ఆకులోకి విసిరేవారు.

"కాస్త నెమ్మదిగా చెప్పకూడదుటండీ?" అని తల పట్టుకునేవారు భార్య ఎలీసమ్మగారు.

"నెమ్మదిగా చెబితే ఎవరికి వినబడుతుందే?"

పక్క వాటాలో ఉండే హేమ ఆ మాట విన్నప్పుడల్లా కొంగు నడుం చుట్టూ బిగించుకునేది. ఆవిడది కాట్రేనికోన రొయ్యల షెడ్డులో రోజంతా తడిలో పని. నడుం చుట్టూ తామర. మందులషాపువాడిచ్చిన ట్యూబు రాస్తే తగ్గేది, మానేస్తే రెట్టింపై వచ్చేది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. అంటుకుంటుందని కూతుర్ని దూరంగా చాపమీద పడుకోబెట్టేది. ఎందుకమ్మా అంటే "ఉక్కగా ఉందే" అనేది. చలికాలంలోనూ అదే మాట.

ఓ రోజు మాస్టారు గోడ మీంచి పాలవాడికి తన తామర గురించి చెబుతుంటే విని, వాడు వెళ్ళేదాకా ఆగి వచ్చింది హేమ.

"మాస్టారూ, మీకున్నదే నాకూ ఉందండి."

మాస్టారి మొహం వెలిగిపోయింది. "ఆయ్! కూర్చోమ్మా! ఏం రాస్తున్నావు?"

ట్యూబు చూసి నెత్తి కొట్టుకున్నారు. "చర్మంలో కాపలా కణాలుంటాయమ్మా. తామరంటే ఒకరకం బూజే, అది దిగగానే రక్తంలోని తెల్లకణాలకి కబురు పెడతాయి. అవొచ్చి కలబడతాయి. ఆ కొట్లాటకే ఎరుపు, దురద. దీన్లో స్టిరాయిడ్ ఉంది, కాపలావాళ్ళకి మత్తు మందు! కొట్లాట ఆగింది, దురద తగ్గింది. బూజు మాత్రం పిల్లాజెల్లాతో కాపురం పెట్టింది."

"అయ్యబాబోయ్! ఇన్నాళ్ళూ దాన్ని నేనే మేపేనాండీ?"

మర్నాడు దంపతులిద్దరూ ఆవిణ్ణి చర్మం డాక్టరు పద్మావతిగారి దగ్గరికి తీసుకెళ్ళేరు. డాక్టరుగారు ట్యూబు మాన్పించి, మాత్రలు రాసి, తగ్గినట్టున్నా మధ్యలో ఆపొద్దన్నారు.

"అలాగే మాస్టారిది కూడా చూడండి," అంది హేమ.

ఎలీసమ్మగారు ఇక ఆగలేకపోయారు. "ఆయనకేముందమ్మా చూడ్డానికి? పెళ్ళయ్యేక ఒక్క చెమటకాయ కూడా లేదు!"

డాక్టరుగారు నవ్వేరు. "మాస్టారికే ఉందట కదా అని ధైర్యం చేసి వచ్చేవాళ్ళే నా దగ్గర సగం మంది."

హేమ నోరు తెరిచింది. "మీకు లేదాండీ?"

"అరవకమ్మా, బయట జనం ఉన్నారు," అన్నారు మాస్టారు. ఆయన గొంతు తగ్గించడం అదే మొదటిసారి.

"మరెందుకండీ అందరిలో పరువు తీసుకోవడం?"

"ఎవరో ఒకరు ముందు చెప్తే రెండోవాళ్ళకి నోరొస్తుందమ్మా. పైగా బస్సులో కిటికీ సీటు!"

మందులు పూర్తయ్యేసరికి హేమ ఒళ్ళు నున్నబడింది. ఆదివారం మధ్యాహ్నం కూతుర్ని మంచం మీదికి పిలిచింది. పిల్ల ఎగిరొచ్చి, అమ్మ పొట్ట మీద కాలేసి, చేతులు బారజాపి పక్కంతా ఆక్రమించేసింది. హేమకి మిగిలింది మంచం అంచే. కాస్త కదిలితే కిందపడేలా ఉంది. అయినా కదల్లేదు.