పొడి రాలిన గది

మా స్నానాలగది కిటికీ కమ్మికి ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. అందులో ఉన్నవి నేను పారేసే కాఫీ పిప్పి, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సామాన్లతో వచ్చిన అట్టపెట్టెల ముక్కలు, వాటి మధ్య దూదిలా తెల్లగా అల్లుకుపోయిన చిప్ప పుట్టగొడుగుల విత్తనం. మా తమ్ముడి కూతురు స్నేహితులతో ఊరెళుతూ, "అత్తా, పనేం ఉండదు, దినానికి రెండు తూర్లు నీళ్ళు చల్లు, సాలు" అని నన్ను అడగకుండానే కట్టేసి పోయింది. చెత్తలో తిండి పండించడం తన తరమే కనిపెట్టిందని ఆ పిల్ల నమ్మకం. ఎవరితోనైనా దేనిమీదైనా వాదిస్తానని పేరు మోసిన దాన్ని, ఆ సంచికి మాత్రం చెప్పినట్టే రెండు పూటలా నీళ్ళు చల్లుతూ వచ్చాను. ఈ ఉదయం తలుపు తీయగానే తడి గోనెపట్ట, వానకు నానిన చెక్క, లోపలెక్కడో రవ్వంత తీపి కలిసిన వాసన ముఖానికి కొట్టింది. నలభై ఏళ్ళ కిందటి మా అమ్మ కొంగు వాసన అది.

రెడ్డియార్‌పాళయంలో మా ఇల్లు ముందు వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా, రైలుపెట్టెలా ఉండేది. వీధి వైపు నాయన బట్టల కొట్టు, దాని వెనక పూజ మందసం ఉన్న కూడం, వంటిల్లు, వాన పడితే నాలుగు వైపుల నుంచీ నీళ్ళు దూకే ముంగిలి, అన్నిటికీ చివర, పెరటి గోడకు ఆనుకుని ఒక చీకటి గది. నెలకు మూడు రోజులు బయట చేరిన ఆడవాళ్ళు కూర్చునే గది అది. కిటికీ లేదు, పైకప్పులో ఒక్క అద్దపు పెంకు, దానిలోంచి నేలమీద అరిచేయంత వెలుతురు. మా వాళ్ళు ఎన్నో తరాల కిందట ఈ తమిళ ఊరికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో తమిళం. తెలుగు అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు. నాయనను కన్న అవ్వకు శాస్త్రమంతా నోటిలోనే ఉండేది. చదివి సరిచూసుకునే దారి లేదు గనక, ఆమె చెప్పిందే శాస్త్రం.

అమ్మది బాహూరు. పుట్టింటికి వెళ్ళినప్పుడు అక్కడ ఆడవాళ్ళకు పుట్టగొడుగుల పెంపకం నేర్పుతుంటే చూసి, జొన్నగింజల మీద పెంచిన విత్తనం రెండు సీసాల్లో, మూతికి దూది బిరడా పెట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. మేనమామ పంపే గడ్డిమోపు బస్సు పైన వచ్చేది. దాన్ని కత్తిపీటతో జానెడు ముక్కలు కోసి, రాత్రంతా నానబెట్టి, వడ్లు ఉడకేసే పెద్ద అండాలో ఉడికించి, చాపమీద ఆరబోసేది. పిడికిట్లో పట్టి పిండితే తడి తగలాలి, చుక్క కారకూడదు. ఆ పరీక్ష చేసే అధికారం నాది. సంచుల కోసం కొనవలసిన పని లేదు, నాయన కొట్టుకు చీరలు చుట్టి వచ్చే పారదర్శకపు కవర్లు ఎన్నైనా ఉండేవి. ఒక వరస గడ్డి, అంచు చుట్టూ పిడికెడు గింజలు, మళ్ళీ గడ్డి. మూతి కట్టి, పాత చీరల పేలికలతో పేనిన ఉట్ల మీద వేలాడదీసేది. నీళ్ళు చల్లడానికి ఏం దొరికిందనుకున్నారు? పేరంటాల్లో పన్నీరు చల్లే ఇత్తడి బుడ్డి. "పెళ్ళివారిని పిలిచినట్టు పిలస్తాండాది సూడు కాళాన్లను!" అని అవ్వ మెటికలు విరిచేది. కాళాను అంటే మా ఇంట్లో పుట్టగొడుగు, తమిళం మాట.

అవ్వ లెక్కలో కాళాను నీచు. చేపతో, మాంసంతో సమానం. మేము చేపలు తినని వాళ్ళమేం కాదు. కురుచికుప్పం నుంచి గంపతో వచ్చే చేపలామె అమ్మ దగ్గర దోసెడు కాళాన్లు తీసుకుని, బదులుగా దోసెడు చిన్న కవల చేపలు పోసి పోయేది. కానీ నీచుకు ఇంట్లో చోటు ఎక్కడ? అవ్వే తీర్పు చెప్పింది. మైలవన్నీ ఒక్క గదిలోనే ఉండాలి. అలా పుట్టగొడుగుల సంచులు, బయట చేరిన ఆడవాళ్ళు ఒకే చీకట్లో కలిశారు. అమ్మ సంతోషించింది. అంత చల్లదనం, అంత తడి ఇంకెక్కడ దొరుకుతుంది? మూడు వారాల్లో సంచులు పాలపొంగులా తెల్లబడేవి, గాటు పెట్టిన చోట ఆవగింజలంత మొటిమలు లేచేవి, మర్నాటికి బటాణీలు, ఆ మర్నాటికి చిన్నపిల్లల చెవులు. అంచులు ఇంకా కిందికి వంగి ఉండగానే కోయాలని అమ్మ చెప్పేది. మిరియం, చిన్నుల్లి వేసి ఇనప మూకుడులో వేపితే, ఆ రుచికి అవ్వ కూడా ఇంకో ముద్ద అన్నం పెట్టించుకునేది. అది మాత్రం ఏ శాస్త్రమో నేనడిగాను. "నీకు నోరు తప్ప ఏమన్నా ఉండాదా?" అంది.

పురట్టాసి నెల వచ్చిందంటే మాత్రం నీచు మాటే ఎత్తకూడదు. తమిళ లెక్కలో అది పెరుమాళ్ళ నెల. శనివారం వస్తే పిల్లలం నామాలు పెట్టుకుని, ఇత్తడి చెంబు పట్టుకుని, ఇంటింటా గోవింద కొట్టి బియ్యం తెచ్చేవాళ్ళం. ఆ బియ్యంతో పొంగలి, పిండిదీపం, నేతిలో కాలిన బెల్లం వాసన, తులసి. మొదటి ఏడాది ఆ నెలలోనే సంచులు విరగకాశాయి. అమ్మ పొద్దున్నే చప్పుడు లేకుండా కోసి పక్కవీధి వాళ్ళకు ఇచ్చేసింది, అవ్వ చూసీ చూడనట్టు ఊరుకుంది. మా ఇంట్లో పనులు జరిగే పద్ధతి అదీ. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు, రోజు గడిచిపోతుంది.

రెండో ఏడాది నేను ఆరో తరగతిలో ఉన్నాను. బళ్ళో శిలీంధ్రాల పాఠం అయింది. పురట్టాసి శనివారం పూజకు వచ్చిన బంధువుల ఆడవాళ్ళందరి ఎదుట, కూడం నడుమ నిలబడి, పుస్తకం ఎత్తి పట్టుకుని అవ్వను నిలదీశాను.

"కాళానుకు రగతం ఉండాదా అవ్వా? ఎముక ఉండాదా? యాడుండాది నీచు, సూపించు!"

ఎవరో ఫక్కున నవ్వారు. అమ్మ వంటింటి గడపలో నుంచి, "సుమ్మా ఉండవే" అని కళ్ళతోనే బతిమాలింది. నేను ఊరుకుంటానా?

"నీకు తెలీదంటే తెలీదని సెప్పు. దేవుడు సెప్పినాడని ఏంటికి సెప్తావు?"

అవ్వ ముఖం నల్లబడింది. "బాగుండాది, నువ్వే గెలిస్తివి. ఇంక ఇను. పురట్టాసి పోయిందాకా ఆ గదిలో కత్తి పడిందంటే నేను పచ్చిమంచినీళ్ళు ముట్టను. పెరుమాళ్ళ మీద ఆన."

అంతే. వారం తిరగకుండా అమ్మ బయట చేరి, చాప, నల్ల కంబళి తీసుకుని ఆ గదిలోకి వెళ్ళింది.

కోయని పుట్టగొడుగులు అప్పటికి విస్తరాకులంత అయ్యాయి. అంచులు పైకి తిరిగి, కుచ్చిళ్ళు పడి, సన్నటి పొడి రాల్చసాగాయి. అద్దపు పెంకులోంచి దిగే వెలుతురులో ఆ పొడి సాంబ్రాణి పొగలా, అంత నెమ్మదిగా, కదిలేది. గడప అవతలి నుంచి అన్నం పళ్ళెం లోపలికి జరిపి, నేను అక్కడే కూర్చుని చూసేదాన్ని. మా చిన్నతనంలో చూసిన అందమైన వాటిలో అదొకటి, అబద్ధం ఎందుకు చెప్పాలి! గడపమీద పేరిన తెల్లపొడిలో వేలితో ముగ్గు గీశాను. అమ్మ జుట్టంతా తెల్లబడింది, కంబళిమీద తెల్లటి చారలు. "అమ్మా, ముసిలిదానివి అయిపోతివే!" అన్నాను. అమ్మ నవ్వింది, నవ్వుతూ దగ్గింది, దగ్గు ఆగలేదు.

నాలుగోనాడు తలకు పోసుకుని బయటికొచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది, చలితో పళ్ళు టకటకలాడుతున్నాయి. రెండు రోజుల్లో తగ్గింది. మరుసటి నెల మళ్ళీ ఆ గది, మళ్ళీ జ్వరం, మళ్ళీ తగ్గడం. ప్రతి నెలా ఆ మూడు రోజులతోనే వచ్చిపోతుంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? ఆడవాళ్ళ జ్వరమన్నారు. డాక్టరుకు ఆ గది సంగతి ఎవరూ చెప్పలేదు, అటువంటి మాటలు మగవాడికి చెప్పేవి కావు గనక. కషాయం కాచారు. అమ్మ సంచులు కట్టడం మానలేదు. ఇంత పెద్ద ఇంట్లో తనదంటూ ఆమెకు ఉన్నది అదొక్కటే. ఏళ్ళ తరబడి ఆ గదిలోనే ఊపిరి పీల్చి, ఆఖరికి ముంగిలి దాటడానికి కూడా గోడ పట్టుకుని నిలబడే స్థితికి వచ్చాక మానింది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు. నేను కాలేజీలో చేరిన ఏడాదే పోయింది.

ఆ తర్వాతి సంవత్సరం వృక్షశాస్త్రం ప్రయోగశాలలో, నల్ల కాగితంమీద ఒక పుట్టగొడుగు బోర్లించి, గిన్నె మూత పెట్టి ఇంటికి పొమ్మన్నారు. మర్నాడు మూత తీస్తే కాగితంమీద తెల్లటి విసనకర్ర, సన్నటి చారలు చారలుగా. అమ్మ కంబళిమీద చూసిన చారలే. ఇది బీజాల పొడి, మూసిన గదిలో దీన్ని పీలిస్తే జ్వరం, దగ్గు, కొందరికి ఊపిరే పాడవుతుంది అని మేడం మామూలుగా చెప్పుకుపోయింది. ఆ కాగితం మడిచి ఇంటికి పట్టుకొచ్చి అవ్వ ఒళ్ళో పడేశాను. గది అన్నాను, మైల అన్నాను, కత్తి పడకూడదన్న ఆన అన్నాను. తెలిసిన మాటలన్నీ అన్నాను. ఈసారి పూర్తిగా గెలవాలని వచ్చాను.

అవ్వ ఆ కాగితాన్ని వంగి చూసింది. దాన్ని వేలితో తాకలేదు.

"నిజమేనమ్మా. మైలని ఆ గదిలో పెట్టించింది నేనే. కానీ నువ్వు ఆ దినం నోరు మూసుకొనుంటే, ముందేడు మాదిరే మీయమ్మ కోసుకొనుండు. నేను సూసేదాన్నా?"

అవ్వ పోయి పాతికేళ్ళు దాటింది. ఆ మాటకు జవాబు వెతుకుతూనే ఉన్నాను. ఆ గది లేకపోయినా అమ్మ బతికేది కాదేమోనని ఒక రోజు, ఆ పొడి పీల్చింది ఆ ఒక్క నెలే కాదు కదా అని ఇంకో రోజు వాదించుకుంటాను. అవ్వ మాట మాత్రం కదలదు. మా ఇల్లు ఇప్పుడు నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. ఆ గది ఉన్నచోట స్కూటర్లు నిలుపుతారు. ఉట్లు లేవు, ఉడకేసే అండా లేదు, పన్నీరుబుడ్డి ఏ పాతసామాన్లవాడి పాలయిందో. గోవింద కొట్టే పిల్లలూ లేరు. మొన్న శనివారం మా వీధి చివరి హోటలు ముందు బోర్డు పెట్టారు, పురట్టాసి స్పెషల్, శుద్ధ శాకాహారం, కాళాను బిరియాని అని. నామాలు పెట్టుకున్నవాళ్ళే వరసలో నిలబడి కట్టించుకుపోతున్నారు. ఎవరి దేవుడికీ అభ్యంతరం లేదు.

ఈ ఉదయం కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, సంచిమీద మొలిచినవన్నీ కోసేశాను. మేనకోడలు ఫోన్ చేసింది.

"అయ్యో అత్తా, ఇంకా సిన్నవే కదా! రెండు దినాలు ఇడిసుంటే ఎంతెంత అయ్యుండు! ఏంటికి కోస్తివి?"

అడిగితే చాలు, అరగంట ఉపన్యాసమిచ్చేదాన్ని. "ఊరికే" అన్నాను.

సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి, కోసినవి పెట్టిన పళ్ళెం ఎత్తితే, నల్లరాతి గట్టుమీద ఎప్పుడు జారి పడిందో ఒకటి, కాస్త విచ్చుకున్నది. దాన్ని తీశాను. కింద తెల్లటి చిన్న విసనకర్ర, చారలు చారలుగా. తడిగుడ్డ చేతిలో ఉంది, తుడవలేదు. నలభై ఏళ్ళు ఆలస్యంగా, నోరు మూసుకుని అక్కడే నిలబడ్డాను.