నా నోటిదురద, రాహేలమ్మగారి పేరు

పెళ్లిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్నవాళ్లు ఉన్నారు. అమ్మాయి అనుకుని అమ్మాయి చెల్లెల్ని చూసి సరేనన్నవాళ్లు కూడా ఉన్నారట. కానీ పెళ్లికూతురి నాయనమ్మ పేరును ఆవిడ ఎదురుగానే, మైకులో, అరగంటసేపు, లేఖనాధారాలతో సహా ఉతికి ఆరేసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి కావలించుకుని ఏడుస్తాను.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. అక్కడితో ఆగితే బాగుండేది. పోస్టులో వచ్చే బైబిలు పాఠాలు ఇరవై నాలుగూ పూర్తిచేసి, సర్టిఫికెట్టు తెప్పించుకుని, దానికి లామినేషన్ కూడా చేయించాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త సర్టిఫికెట్టువాడు పొద్దే కాదు, ఎదుటివాడి మొహం కూడా ఎరగడు. ఆ పాఠాల్లో పదిహేడోది నా బుర్రలో మేకులా దిగబడింది. సంఘానికి లేఖనంలో ఉన్న పేరు తప్ప ఇంకో పేరు ఉండకూడదట. క్రీస్తు సంఘం అనొచ్చు, దేవుని సంఘం అనొచ్చు, ఫలానా ఊళ్లో ఉన్న సంఘం అనొచ్చు. అంతే. ఆ రోజు నుంచి హైవే మీద బస్సెక్కితే నేను పొలాలు చూడటం మానేసి చర్చి బోర్డులు చూసేవాణ్ణి. ఒక్కో బోర్డుకీ మనసులోనే మార్కులు వేసేవాణ్ణి. నందిగామ నుంచి కంచికచర్ల దాకా ఒక్క బోర్డూ పాసవలేదు.

మా సంఘం పాస్టరు అయ్యగారు నా బాధ పడలేక ఒకసారి అననే అన్నారు. “బోర్డుల సంగతి దేవుడు చూసుకుంటాడు గానీ తమ్ముడూ, నువ్వు ముందు పెళ్లి సంగతి చూడు.”

పెళ్లి సంగతంటారా, అప్పటికే మూడు సంబంధాలు నా నోటికి బలైపోయాయి. మూడో చోటైతే, మామగారు కావలసినాయన కాఫీ ఇచ్చి వాళ్ల సంఘం పేరు చెప్పారు. అది వాక్యానుసారం కాదని నేను కాఫీ చల్లారేలోగా నిరూపించాను. ఆయన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటితో మా అమ్మకి ఏ ఊరూ మంచిది కాకుండా పోయింది.

నాలుగోది జగ్గయ్యపేట సంబంధం. అమ్మాయి పేరు సునంద, టీచరు. వాళ్ల నాన్న యేసుపాదం మాస్టారు, హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు. ఫోటో చూసిన రోజు నేను క్లాసులో రెండూ మూడూ కలిపితే ఆరని రాసి పిల్లల చేత నవ్వించుకున్నాను. ఈ సంబంధం కూడా పోతే ఇక బతకడం దండగ అనిపించింది, నిజం చెబుతున్నాను.

మాలో ఒక పద్ధతుంది. అబ్బాయిని నేరుగా ఇంటికి పిలవకుండా, ముందు ఓ ఆదివారం వాళ్ల మందిరానికి పిలిచి వాక్యం చెప్పమంటారు. పైకి వాక్యపరిచర్య, లోపల పెళ్లిచూపులు. అమ్మాయి పాట పాడుతుంది, అబ్బాయి వాక్యం చెబుతాడు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకునే ఉంటారు గానీ, ఒక్క కన్నూ పూర్తిగా మూతపడదు.

బయల్దేరేముందు మా అమ్మ నా చొక్కా కాలరు పట్టుకుంది.

“ఒరే, ప్రేమ గురించి చెప్పు. ప్రేమ గురించి చెప్పి చెడిపోయినోడు లేడు. బోర్డుల జోలికి పోమాక.”

“పోనమ్మా.”

“మాటివ్వు.”

“ఇచ్చా.”

బస్సు ఆలస్యమైంది. చిల్లకల్లులో దిగి అమ్మా నేనూ ఆటో పట్టుకున్నాం. మందిరం ముందు కాలవ పని జరుగుతోందని ఆటో అతను వెనకసందులో దింపాడు. పక్క తలుపులోంచి వెళ్లేసరికి లోపల ప్రార్థన నడుస్తోంది. నేను తల వంచుకుని, కళ్లు మూసుకుని, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తే వెళ్లి వేదిక మీద కుర్చీలో కూర్చున్నాను. లోకంలో ఉన్న బోర్డులన్నీ చదివినవాణ్ణి, ఆ ఒక్క మందిరం పేరు మాత్రం చూడలేదు. దాన్నే రాత అంటారు.

సునంద పాడింది. ఆ గొంతు వినగానే నేను రాసుకొచ్చిన ప్రేమ ప్రసంగం నాకే చప్పగా కనబడింది. ప్రేమ గురించి ఎవడైనా చెబుతాడు, ఈ అమ్మాయి జన్మలో మర్చిపోలేని వాక్యం చెప్పాలి అనుకున్నాను. అమ్మకిచ్చిన మాట గాల్లో కలిసింది. పదిహేడో పాఠం నోట్లోకి వచ్చేసింది.

“మనకోసం సిలువ మీద ప్రాణం పెట్టింది ఎవరండీ?”

“యేసయ్య,” అన్నారందరూ.

“మరి మందిరానికి మనిషి పేరేంటండీ?”

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాట తగిలిందని సంతోషించాను. నేను పౌలు వాణ్ణి, నేను అపొల్లో వాణ్ణి అని పేర్లు పెట్టుకున్నందుకు కొరింథువాళ్లకి పౌలు ఎలా గడ్డిపెట్టాడో వర్ణించాను. జనమంతా నా తలకి పైన ఎక్కడో చూస్తున్నారు. పరలోకం కనబడుతోంది కాబోలు అనుకుని గొంతు పెంచాను.

“స్థలం ఇచ్చారని పేరు పెట్టేస్తామా? అయితే రేపు ఫ్యాను ఇచ్చినాయన పేరు ఫ్యాను మీద రాద్దామా?”

తలలన్నీ ఒక్కసారి ఫ్యాను వైపు తిరిగాయి. ఆ రెక్కల మీద సునంద మేనమామ పేరు గిర్రున తిరుగుతోందని నాకు తర్వాత తెలిసింది. సునంద పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. పాపం, పశ్చాత్తాపంతో ఏడుస్తోంది అనుకున్నాను. మా అమ్మ మాత్రం నిజంగానే కళ్లు తుడుచుకుంటోంది.

“మనిషి పేరు గోడకెక్కిస్తే అది మందిరం కాదండీ, సమాధి రాయి,” అని బల్ల గుద్దాను.

ముందు వరసలో ఒక ముసలావిడ చేతికర్ర ఊతగా లేచింది. తెల్లచీర, ఎనభై ఏళ్లుంటాయి.

“నాయనా, ఒకపాలి ఎనక్కి తిరుగు.”

తిరిగాను. నా తల వెనక గోడ మీద, బంగారు కాగితం అంటించిన రెండడుగుల థర్మాకోల్ అక్షరాలు: రాహేలమ్మ ప్రార్థనా మందిరం.

ఎలాగైనా సర్దుకోవాలి. మైకులోనే, వీలైనంత భక్తిగా అన్నాను, “రాహేలమ్మగారు చాలా గొప్ప తల్లి అయ్యుంటారండీ. ఎప్పుడు ప్రభువు దగ్గరికి వెళ్లారు?”

“ఇంకా ఎళ్లలేదు నాయనా. నీ వాక్యం అయ్యాక ఎళ్దామని కూర్చున్నా.”

“మా అమ్మండి,” అన్నారు యేసుపాదం మాస్టారు పక్కనుంచి, నెమ్మదిగా.

అప్పుడు పడిన సిగ్గు ఇప్పటికీ చెప్పలేను. భూమి చీలితే బాగుండుననుకున్నాను గానీ, కింద కొత్తగా వేసిన టైల్సు. నాలుగో సంబంధం కూడా పోయింది, అమ్మ మొహం ఎలా చూడాలి అనుకుంటూ కుర్చీలో కూలబడ్డాను. ముసలావిడ మైకు అడిగి తీసుకుంది.

“ఈ స్థలం నేనిచ్చా. పేరు వద్దురా అని మావోడికి చిలక్కి చెప్పినట్టు చెప్పా, వినలా. ఆ అచ్చరాలు అంటించిన కాణ్ణించి కొత్తగా వచ్చినోళ్లంతా నేను పోయాననుకుంటన్నారు. మొన్న మా చుట్టమొకావిడ వచ్చి, గుమ్మంలో నన్ను చూసి అక్కడే కూలబడింది. చెప్పేవాడు ఇన్నాళ్లకి వచ్చాడు. తీసెయ్యండి.”

తర్వాత నా వైపు తిరిగింది. “కానీ నాయనా, పౌలు నుంఫా అనే ఆమె ఇంట్లో ఉన్న సంఘానికి వందనాలు రాశాడు గదా. మనిషి పేరు చెప్పే గుర్తుపట్టాడు. అది నీ పాఠాల్లో లేదా?”

“లేదండీ.”

“గుర్తుకి చెప్పుకోటం ఏరు, గొప్పకి రాసుకోటం ఏరు. ఇరవై నాలుగు పాఠాలు చదివావంటగా?”

“ఇరవై ఐదోది మీరు చెప్పారండీ,” అన్నాను. ఆ రోజు నా నోటి నుంచి వచ్చిన మంచిమాట అదొక్కటే. అప్పుడు వచ్చింది, ఆ పొద్దుటి మొదటి ఆమెన్.

భోజనాలు వాళ్లింట్లోనే. సునంద పప్పు వడ్డిస్తుంటే గొణిగాను, “పాట బాగా పాడారండీ.”

“మీ వాక్యం కూడా జన్మలో మర్చిపోలేనండీ,” అంది. అప్పుడర్థమైంది, పుస్తకం చాటున ఏడవలేదు, నవ్వింది.

యేసుపాదం మాస్టారు గొంతు సవరించుకుని మా అమ్మతో అన్నారు, “అబ్బాయి మంచోడేనండి. కాపోతే ఆ నోరు…”

మా అమ్మ తల దించుకుంది. రాహేలమ్మగారు చెయ్యి కడుక్కుని తీరిగ్గా అన్నారు:

“నోరు సంగతి సరేరా. ఎనక రెండడుగుల అచ్చరాలు కనపడనోడికి, మన పిల్ల కూరలో ఉప్పు ఎక్కువైతే కనపడుద్దా? ఇంతకన్నా మంచి సంబంధం యాడ తెస్తావు? ఇచ్చెయ్.”

నాకు ప్రాణం లేచొచ్చింది. మా అమ్మ అక్కడికక్కడే స్తోత్రం చెప్పుకుని రెండోసారి పప్పు వేయించుకుంది. ఆ వారంలోనే బంగారు అక్షరాలు దిగిపోయి, జగ్గయ్యపేటలో ఉన్న సంఘం అని నీలం పెయింటుతో చిన్న బోర్డు వెలిసింది.

కాబట్టి మహాజనులారా, ఇకమీదట ఏ మందిరంలోనైనా మైకు ముట్టుకునే ముందు నాలుగు గోడలూ, ఫ్యాను రెక్కలూ, కుర్చీల వీపులూ చదివి, ఆ పేర్లలో ఎవరెవరు బతికున్నారో వాకబు చేసుకున్నాకే నోరు తెరుస్తానని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక కూరలో ఉప్పు విషయమంటారా, పెళ్లయి పదకొండేళ్లయింది. నాకింతవరకూ ఏమీ కనపడలేదు.