నాన్న వేసిన మార్కులు

మా నాన్నకి ఎవరింటికి వెళ్ళినా హాల్లో కూర్చోవడం తెలియదు. గుమ్మంలో చెప్పులు విప్పి, జేబులోంచి తెల్లటి గ్లౌజు తీసి కుడిచేతికి తొడుక్కుని, "రౌండ్స్!" అని ఒక్క కేక పెట్టి, తిన్నగా వంటింట్లోకి నడిచేవాడు. ఫ్రిజ్ నెత్తి మీద వేలితో గీసేవాడు. ఆ వేలిని కిటికీ వెలుతురులో పెట్టి చూసేవాడు. తర్వాత ఒక్కో డబ్బా మూత తీసి తొంగిచూసి, పదికి ఇన్ని అని మార్కులు చెప్పి, అప్పుడొచ్చి కూర్చుని మంచినీళ్ళు అడిగేవాడు.

పాతికేళ్ళు నేవీలో చేశాడు. చీఫ్ పెట్టీ ఆఫీసర్ గణపతి అంటే విశాఖపట్నం మల్కాపురంలో తెలియనివాళ్ళు లేరు. ఓడలో తిండి సామాన్ల స్టోర్సు ఆయన చేతిలో ఉండేది. వారం వారం ఆఫీసరు తెల్ల గ్లౌజు వేసుకుని ఓడంతా తనిఖీ చేస్తే దాన్ని రౌండ్స్ అంటారట. రిటైరై ఒడ్డున పడ్డాక నాన్నకి ఓడ లేకపోయింది. వంటిళ్ళు మాత్రం ఊరినిండా ఉన్నాయి.

మా ఇంట్లో శనివారం పొద్దున్న తొమ్మిదింటికి రౌండ్స్. అమ్మకి బతికున్నన్నాళ్ళూ తొమ్మిది దాటలేదు. "ఆ ఒక్క మార్కూ ఎక్కడ పోయిందండీ?" అని అమ్మ అడిగేది. "పదికి పది వేసేస్తే ఇంక నువ్వు నా మాట ఇంటావేటి?" అనేవాడు. అమ్మకి జబ్బు చేసినప్పుడు నేను టెన్త్ మధ్యలో మానేసి పొయ్యి దగ్గరికొచ్చాను. అమ్మ పోయాక బడికి మళ్ళీ వెళ్ళలేదు. నాకు ఎనిమిది వేసేవాడు.

నా పెళ్ళి మాటలకి మా మేనత్త రాములమ్మ ఇంటికి వెళ్ళినప్పుడూ అంతే. పెద్దలందరూ చాపమీద కూర్చుని ముహూర్తాల దాకా వచ్చారు. వంటింట్లోంచి కేక వినిపించింది.

"అప్పా! సింతపండులో పురుగుంది. ఇలాటింటికి పిల్లనెలా ఇస్తానే?"

"ఆ పురుగుని నువ్వు పట్టుకెళ్ళు, పిల్లని ఇక్కడొదిలెయ్," అంది అత్త.

అలా ఖాయమైంది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖు మరిచిపోతాయని ప్రపంచం హడలిపోతున్న రోజులవి. ఆ హడలే మా ఆయనకి, అంటే మా అత్త కొడుక్కి, సింగపూర్‌లో ఉద్యోగం ఇప్పించింది. బెడోక్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో కాపురం పెట్టాం. తొంభైతొమ్మిది జూలైలో నాన్న మా దగ్గరికి వచ్చాడు. సూట్‌కేసులో నాలుగు తెల్లచొక్కాలు, ఒక గ్లౌజు.

రెండోరోజే కింద తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో నూడుల్స్ దుకాణం గట్టు మీద వేలితో గీశాడు. అక్కడ ప్రతి దుకాణానికీ శుభ్రతకి ఏ, బీ, సీ అని గ్రేడు రాసి తగిలిస్తారు. నాన్న దాన్ని చూపించి, "బీ ఎందుకు? వై బీ?" అని గద్దించాడు. చైనీస్ అంకుల్ ఈయన గవర్నమెంటు మనిషనుకుని బిత్తరపోయి, "సారీ సర్, టుమారో క్లీన్ లా!" అంటూ ఒక కాఫీ పెట్టాడు. నాన్న కాఫీ తాగి, "ఈ దేశం మన నేవీలాటిదే పాపా, ఇంటికింటికీ మార్కులేస్తారు," అని తెగ సంతోషపడ్డాడు. నేను స్తంభం చాటున నిలబడి ఉన్నాను. ఆయనెవరో నాకు తెలియనట్టు.

అక్కడినుంచే మొదలైంది నా సిగ్గు. నాకు మనుషుల్లో మాట పెగలదు. ఇక్కడి తెలుగు ఆడవాళ్ళందరూ బీటెక్కులూ ఎమ్‌సీఏలూ. "నువ్వేం చదివావమ్మా?" అని ఎవరైనా అడుగుతారేమోనని ప్రతి విందులోనూ గిన్నెలు సర్దుతూ గడిపేసేదాన్ని. ఎవరి కంటా పడకుండా ఉండటమే నా పని. అలాంటిదాని పక్కన "రౌండ్స్!" అని అరిచే మనిషి ఉంటే ఎలా ఉంటుందో చూడండి.

లలితకుమారి ఆంటీ మా ఆయన మేనేజరుగారి భార్య. వాళ్ళది సముద్రం కనిపించే కాండో, డబ్బున్నవాళ్ళ ఫ్లాటు. ఆ ఇంట్లో పదిహేనుమంది ముందు నాన్న ఫ్రిజ్ మీద వేలితో గీసి, నల్లబడ్డ గ్లౌజు ఎత్తి చూపించాడు.

"ఏడు! ఏటమ్మా, పప్పు ఇంతింత కొని పడేశారు? పురుగట్టేస్తాది."

ఆంటీ మొహం కందగడ్డయింది. మాట మార్చడానికి ఎవరో నా వైపు తిరిగి, "సుమలతా, నువ్వూ ఇంజనీరింగేనా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి జవాబొచ్చింది.

"టెన్త్‌లో ఆపీసిందమ్మా! కానీ కళ్ళు మూసుకుని ఏ డబ్బా ఎక్కడుందో సెప్తాది!"

ఆ రాత్రి నేను నాన్నతో మాట్లాడలేదు. మా ఆయన మాత్రం పడీపడీ నవ్వాడు. "మావయ్యా, మా బాస్ ఇంటికి ఏడు వేస్తే నాకు ప్రమోషన్ ఎన్ని వేస్తారో!" అన్నాడు.

ఆ తర్వాత వారం పాయా లేబర్ వైపు ఒక పాత బ్లాకులో కొత్తగా దిగిన ప్రసన్నలక్ష్మి ఇంటికి వెళ్ళాం. ఆమె నా ఈడుదే. భర్త నిశాంత్ కంప్యూటర్ల మనిషి. నాన్న అలవాటుగా రౌండ్స్‌కి వెళ్ళాడు. ఒక మూత తీసిన చప్పుడు, మూసిన చప్పుడు. ఇంకో మూత. ఇంకోటి. ఆ రోజు ఎందుకో చాలా నెమ్మదిగా మూస్తున్నాడు. బయటికొచ్చి గ్లౌజు తీసి మడతపెట్టి చెప్పాడు.

"పదికి పది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మకి రానిది, నాకు రానిది, ముక్కూ మొహం తెలియని మనిషికా!

అప్పటినుంచే నాన్నకి మతిమరుపు కూడా వచ్చిందనుకున్నాను. సంచీ పట్టుకుని లిటిల్ ఇండియాకి వెళ్ళేవాడు, ఉత్తచేతులతో తిరిగొచ్చేవాడు.

"సంచేది నాన్నా?"

"రైల్లో మర్సిపోనాను పాపా."

"మళ్ళీనా?"

"వయసు కదే."

మూడు వారాల్లో నాలుగు సంచీలు. "ఈ రైలు మావయ్యకి బాగా రుణపడిపోయింది," అనేవాడు మా ఆయన. నేను మాత్రం కసిరేదాన్ని. ఒక రోజు, "ఓడలు నడిపిన మనిషివి, సంచీ మోయలేవా?" అని కూడా అన్నాను. నాన్న తల గోక్కున్నాడు, అంతే.

దీపావళికి లలితకుమారి ఆంటీ మళ్ళీ విందుకి పిలిచింది. ముందురోజు నేనొక పని చేశాను. నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు ఆ గ్లౌజు తీసి నా పట్టుచీరల మధ్య దాచేశాను. నాన్న పరుపు ఎత్తి చూశాడు, సూట్‌కేసు దులిపాడు. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. మర్నాడు గ్లౌజు లేకుండానే ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని గుమ్మం దగ్గర తయారుగా నిలబడ్డాడు.

నేను నేల చూస్తూ చెప్పాను. "నాన్నా, నువ్వు రాకు. ఒంట్లో బాగోలేదని చెప్తాను."

నాన్న మడమలు రెండూ చేర్చి సెల్యూట్ కొట్టాడు.

"మెడికల్ లీవ్. ఓకే మేడమ్."

ఆ విందులో నన్నెవరూ ఏమీ అడగలేదు. నేను కోరుకున్నది అదే. స్వీటు మాత్రం ప్లేటులోనే వదిలేశాను. ఇంటికెళ్ళగానే గ్లౌజు ఇచ్చేద్దామనుకున్నాను. ఇవ్వాలంటే తీసింది నేనేనని చెప్పాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపాను.

పదో రోజు మధ్యాహ్నం భోంచేసి, కంచం తనే కడిగి బోర్లించి, కాసేపు నడుం వాల్చిన నాన్న మళ్ళీ లేవలేదు. ఆ కంచం మీద ఒక్క నీటిచుక్క కూడా లేదు.

పెద్దకర్మ రోజు మా ఫ్లాట్ నిండా జనం. ప్రసన్నలక్ష్మి ఒక స్టీలు డబ్బా నిండా బియ్యం తెచ్చి నా ముందు పెట్టింది.

"మీ నాన్నగారిది అక్కా. తిరిగిచ్చేద్దామని."

నాకు అర్థం కాలేదు. ఆమె మెల్లగా చెప్పింది. నిశాంత్‌ని తీసుకొచ్చిన కంపెనీ పని చూపించలేదట. ప్రాజెక్టు వచ్చేదాకా జీతం లేదన్నారట. ఈ మాట ఊళ్ళో అమ్మానాన్నలకి కూడా చెప్పలేదట.

"ఆ రోజు మీరొచ్చేసరికి మా ఇంట్లో అన్నీ ఖాళీ డబ్బాలే అక్కా. పరువు పోకూడదని కడిగి వరసగా పెట్టాను. ఆయన అన్నీ చూసి పదికి పది అన్నారు. మర్నాడు సంచీతో వచ్చారు. నేను తీసుకోనంటే, 'నేవీ రూలమ్మా. పదికి పది వచ్చిన మెస్‌కి ప్రైజు. తీసుకోకపోతే నా ఉద్యోగం పోద్ది' అన్నారు. రిటైరయ్యారు కదా అంటే, 'పెన్షన్ పోద్ది' అన్నారు."

వెనకనించి భానుమతి అనే ఇంకొకామె కళ్ళు తుడుచుకుంటూ, "మాకూ పదికి పదే వేశారు," అంది. రైల్లో పోయిన నాలుగు సంచీలూ ఎక్కడ దిగాయో అప్పుడు తెలిసింది. లిటిల్ ఇండియా దగ్గరి బుగిస్ స్టేషన్ నుంచి బెడోక్ వచ్చే రైలు దారిలోనే పాయా లేబర్ ఉంది.

"మాకు ఏడే వేశారు!" అంది లలితకుమారి ఆంటీ ఉక్రోషంగా. అని, మళ్ళీ తనే, "అంటే మేం బాగానే ఉన్నామన్నమాట," అని చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

నేనింక ఉండలేకపోయాను. లోపలికెళ్ళి చీరల మధ్యనించి గ్లౌజు తీసుకొచ్చాను. అంతమంది ముందు నోరు విప్పడం నా జీవితంలో అదే మొదలు. "నేనే దాచాను. ఆయన వెతుకుతుంటే చూస్తూ ఊరుకున్నాను," అన్నాను.

ప్రసన్నలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. "ఆయనకి తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"ఆఖరిసారి వచ్చినప్పుడు చెప్పారు. 'మా పాప గ్లౌజు సీరల్లో పెట్టింది. ఎర్రసీర మడతలోంచి తెల్లగా కనబడతా ఉంది. అడిగితే సిగ్గుపడిపోద్ది, అడగను. కానీ దాయడంలో రెండు మార్కులు కట్' అన్నారు."

రెండు కట్ అంటే ఎనిమిది. అప్పుడు కూడా నాకు ఎనిమిదే వేశాడు.

వెళ్ళేటప్పుడు లలితకుమారి ఆంటీ గుమ్మంలో ఆగి, "శనివారం మా ఇంటికి రామ్మా. ఆ ఏడు నాకు నచ్చలేదు. నువ్వు మళ్ళీ చూడాలి," అంది.

వెళ్ళాను. గ్లౌజు నా చేతికి వదులు. "రౌండ్స్" అన్నాను గాని, నాకే వినపడలేదు. ఫ్రిజ్ మీద దుమ్ము లేదు. గట్టు అద్దంలా ఉంది. ఆంటీ పక్కనే నిలబడి పరీక్ష రాసిన పిల్లలా చేతులు నలుపుకుంటోంది.

తొమ్మిదిన్నర వేశాను.

"ఆ అరా ఎక్కడ పోయింది?" అంది ఆంటీ.

పప్పు డబ్బా మూత తీసి చూపించాను. అంచుదాకా నిండి ఉంది.