సగం కరివేపాకు సాక్ష్యం

సముద్రాన్నీ అందులోని సమస్తాన్నీ చేసిన దేవునికి స్తోత్రం. ఆ సమస్తంలో నాచు కూడా ఉందనీ, అది నన్ను సంఘం ముందు రెండుసార్లు నిలబెడుతుందనీ ఆ రోజుల్లో నాకు తెలియదు.

ఆ రోజుల్లో, అంటే ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో, చైతన్యపురిలో కిరాయికి ఉండేటప్పుడు, నాకు భక్తి ఎక్కువ, ఓపిక తక్కువ. సముద్రపు నాచులో యాంటీఆక్సిడెంట్ల సత్తా తేల్చడం నా ప్రాజెక్టు. ఊదారంగు ద్రావణంలో నాచు రసం వేయాలి. సత్తా ఉంటే ఊదా పోయి పసుపు వస్తుంది. మూడు నెలలైనా నా ఊదా కదల్లేదు. ఈసారీ ఏమీ తేలకపోతే పట్టా మరుసటి ఏడాదికేనని మా సారు చెప్పేశారు. ఉపవాసం ఉండి, బాబాయి బాపట్ల నుంచి పంపిన కొత్త నాచును మేడ మీద ఆరబెట్టాను.

"ఏంది బిడ్డా, నీసా?" అంది ఇంటి ఓనరు ఆంటీ, పక్కనే కరివేపాకు ఆరబోస్తూ.

"కాదాంటీ, సముద్రంలో మొలిచే ఆకు."

మధ్యాహ్నం వాన. నేను వచ్చేసరికి ఆంటీ నా సంచి చేతికిచ్చింది. మర్నాడు ల్యాబులో, విప్పి చూసే ఓపిక లేక అలాగే దంచి రసం వేస్తే, ఊదా రెప్పపాటులో పసుపైంది! (కరివేపాకు వాసన రాలేదా అంటారేమో. వచ్చింది. పరిమళ ధూపం అనుకున్నాను.) ఆదివారం ఎల్బీనగర్ ఆరాధనలో లేచి, దేవుడు నా ప్రార్థన విన్నాడని సాక్ష్యం చెప్పాను. పాస్టరు అయ్యగారు దాన్ని ఎర్ర సముద్రం పాయలు కావడంతో కలిపి అరగంట ప్రసంగించారు.

ఆ సాయంత్రమే ఆంటీ గిన్నెతో పైకొచ్చింది. "బిడ్డా, నిన్న గీ కరివేపాకు పొడి అన్నంల కలుపుకొని మా ఆయన చేపల పులుసా అనె. శనివారం ఒక్కపొద్దు మనిషి! నీ ఆకు ఎట్లుంది?"

"నా ఆకు నాకే ఇచ్చారు కదాంటీ?"

"వానకు రెండూ కలిసిపోయినయ్. అందాజుగ చెరి సగం చేసిన. ఎవ్వలకు అన్యాయం చెయ్యలె."

రాత్రంతా పట్టా ఒక కన్నులో, సాక్ష్యం ఒక కన్నులో. పొద్దున్నే సారుకు ఒప్పేసుకున్నాను. "నాచు పరీక్షించమంటే పోపు పెట్టావా?" అని నవ్వి, మేడ ఎక్కించకుండా మిగిలిన నాచుతో మళ్ళీ చేయించారు. ఊదా కాస్త పలచబడింది, అంతే. "ఇదే రాయి. ఉన్నదున్నట్టు రాస్తే చాలు" అన్నారు.

సారు నయం. తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి, "పోయిన వారం నా సాక్ష్యంలో సగం కరివేపాకు" అన్నాను. ముందు పాస్టరమ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు, తర్వాత సంఘమంతా. అయ్యగారు మాత్రం గంభీరంగా, "మిగతా సగానికి స్తోత్రం చెబుదాం" అన్నారు.

ఇప్పటికీ సాక్ష్యానికి లేచే ముందు ఒక వారం ఆగుతాను. చారులో కరివేపాకును మాత్రం ఏరి పక్కన పెట్టలేను. నమిలేస్తాను, పాపం, దాని సత్తా నాకు తెలుసు. మీరూ నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, మా నోటికి కాస్త ఆలస్యం, మా ముక్కుకు కాస్త వివేకం దయచేయుము. ఆమెన్.